కెనడాకి ఇంటి సామాను: డ్యూటీ పడకూడదంటే ముందు లిస్టు రాయండి

మేము కెనడాలో దిగింది 2022 నవంబరులో. ఇద్దరు పిల్లలు, ఎనిమిది సూట్‌కేసులు, నా హ్యాండ్‌బ్యాగులో పదకొండు పేజీల లిస్టు. రాజమండ్రిలో మా చెల్లెలి ఇంటి హాల్లో పేర్చి వచ్చిన ముప్పై నాలుగు అట్టపెట్టెల వివరం కూడా అందులోనే ఉంది. "ఇల్లు మారుతున్నామా, బ్యాంకు ఆడిట్ చేయిస్తున్నామా" అని మా వారు విమానంలో కూడా వేళాకోళం చేస్తూనే ఉన్నారు. నేను పద్నాలుగేళ్ళు బ్యాంకులో క్యాష్ కౌంటర్లో కూర్చున్నదాన్ని. లెక్క రాయందే ఏదీ చేతులు మారనివ్వను. మూడు నెలల తర్వాత ఆ పదకొండు పేజీలే మమ్మల్ని గట్టెక్కించాయి. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఈమధ్య మా చుట్టాల్లో ఇద్దరికి పీఆర్, అంటే కెనడాలో శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చింది. రోజూ ఫోన్లో అవే ప్రశ్నలు. ఏం తెచ్చుకోవచ్చు, దేనికి పన్ను, బంగారం సంగతేంటి. అందుకే ఒక్కసారిగా రాసేస్తున్నాను. ఇదంతా పీఆర్ మీద మొదటిసారి కెనడాలో కాపురం పెట్టడానికి వచ్చేవాళ్ళ కోసం. చదువుకోడానికో, కొద్దికాలం ఉద్యోగానికో వచ్చేవాళ్ళ లెక్క వేరు.

ఏడాదికి తగ్గకుండా ఉండే ఉద్దేశంతో మొదటిసారి వచ్చేవాళ్ళని ఇక్కడి కస్టమ్స్ వాళ్ళు సెట్లర్ అంటారు. సెట్లరు తన ఇంటి సామాను మీద కస్టమ్స్ డ్యూటీ కట్టక్కర్లేదు, ఇక్కడి జీఎస్టీ కూడా కట్టక్కర్లేదు. మంచాలు, కుర్చీలు, దుప్పట్లు, పుస్తకాలు, వంటపాత్రలు, కంప్యూటర్లు, సంగీత వాద్యాలు, నగలు అన్నీ ఇందులోకి వస్తాయి. షరతు మాత్రం ఒకటుంది. మీరు కెనడాలో దిగేనాటికి ఆ వస్తువు మీ సొంతమై ఉండాలి, మీ స్వాధీనంలో ఉండాలి, మీరు దాన్ని వాడి ఉండాలి. మూడూ ఉండాలి. అద్దెకి తెచ్చుకున్న వస్తువు చెల్లదు. వ్యాపారానికి వాడే సామాను చెల్లదు. ప్రయాణానికని కొత్తగా కొని, సీలు విప్పకుండా తెచ్చుకున్నదీ చెల్లదు.

ఈ మూడో షరతు దగ్గరే మనవాళ్ళు బోల్తా పడేది. వెళ్ళే ముందు నెలరోజులు షాపింగే కదా మన పద్ధతి! కొత్త స్టీలు సామాను, కొత్త కుక్కరు, కొత్త దుప్పట్లు. నా సలహా ఏంటంటే, ఏం కొన్నా ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే కొని, ఇంట్లో వాడటం మొదలుపెట్టండి. బిల్లు పారేయకండి. నేను పాత బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టుకున్నాను. కుట్టుమిషనుది దొరకలేదు, వీణకి అసలు బిల్లే లేదు, మిగతా పెద్దవాటికి దాదాపు అన్నిటికీ దొరికాయి.

మిక్సీ దగ్గర నేనూ దొరికిపోయాను. ఇక్కడ ఇళ్ళలో కరెంటు 120 ఓల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. మన మిక్సీ ఇక్కడ సరిగ్గా తిరగదు. అందుకని అమెరికా వెళ్ళేవాళ్ళు కొనే 110 ఓల్టుల మిక్సీ ఒకటి కొన్నాను. దాన్ని రాజమండ్రి ప్లగ్గులో పెడితే కాలిపోతుంది, మరి వాడేదెలా? దాన్ని లిస్టులో విడిగా "కొత్తది" అని రాసి, బిల్లు జతపెట్టి, అడిగిన పన్ను కట్టేశాను. పెద్ద మొత్తమేమీ కాదు. వెట్ గ్రైండరు మా చెల్లెలికి ఇచ్చేశాను. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ లాంటివి మోసుకురావడం దండగ.

వాడి ఉండాలన్న షరతుకి ఒక మినహాయింపు ఉంది, అది మన ఇళ్ళకి బాగా పనికొస్తుంది. కెనడా రావడానికి ముందు మూడు నెలల్లోపు పెళ్ళయినా, వచ్చాక మూడు నెలల్లోపు చేసుకోబోతున్నా, పెళ్ళి కానుకలు వాడనివైనా పర్వాలేదు. దిగేనాటికి అవి మీ సొంతమై, మీ దగ్గరుంటే చాలు. పెళ్ళికూతురు పుట్టింటి నుంచి తెచ్చుకునే గృహోపకరణాలకీ ఇదే నియమం. అంటే మన సారె సామాను! కొత్తగా పెళ్ళయి వచ్చే అమ్మాయిలు శుభలేఖ ఒకటి, మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ ఒకటి దగ్గర పెట్టుకుంటే మాట తొందరగా తెగుతుంది.

లిస్టు ఎలా రాయాలి

దీనికి ఫారం ఉంది, పేరు బీఎస్ఎఫ్ 186. కెనడా కస్టమ్స్ సంస్థ సీబీఎస్ఏ వెబ్‌సైట్లో దొరుకుతుంది. ఇంటి దగ్గరే నింపుకోవచ్చు. లిస్టు రెండు భాగాలుగా రాయాలి. ఒకటి, మీతోపాటు విమానంలో వస్తున్న సామాను. రెండోది, వెనక వచ్చే సామాను. దీన్నే గూడ్స్ టు ఫాలో అంటారు. రెండు కాపీలు తీసుకెళ్ళాలి.

ఒక్కో వస్తువుకీ పేరు, ఎన్ని ఉన్నాయి, కెనడా డాలర్లలో ఇప్పటి విలువ సుమారుగా ఎంత, ఉంటే కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు రాయాలి. నేను కొన్న ఏడాది కూడా రాశాను, అదెవరూ అడగలేదు. కానీ తర్వాత పనికొచ్చింది. విలువ అంటే కొన్న ధర వేయకండి. పదేళ్ళు వాడిన బీరువా ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో అంత. అప్పట్లో డాలరు అరవై రూపాయలని లెక్కేసుకున్నాను.

"వంటసామాను, ఒక పెట్టె" అని రాసి ఊరుకోకండి. అలాగని చెంచాలు లెక్కపెట్టక్కర్లేదు. "స్టీలు వంటపాత్రలు, వాడినవి, 22, డబ్బాలు, వాడినవి, 15" అని రాస్తే సరిపోతుంది. పెట్టె నంబరు పక్కన వేయండి. ఇంగ్లీషులో రాయాలి కాబట్టి పప్పుగుత్తిని, సన్నికల్లుని ఏమనాలో తెలియక ఒక సాయంత్రమంతా పోయింది. చివరికి సన్నికల్లుని "నూరే రాయి" అని అర్థమొచ్చేలా రాసి, ఫొటో పెట్టాను. మా అమ్మ బొబ్బిలి వీణని కూడా అంతే. పనస కర్రతో చేసింది, పొడవు ఇంత, వాడినది, నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫొటోలు. ఏనుగు దంతం పొదిగిన పాత వీణ అయితే మాత్రం ఆశ వదులుకోండి. దంతానికి రెండు దేశాల్లోనూ కట్టుదిట్టాలున్నాయి.

నగల సంగతి. ప్రతి నగకీ ఫొటో తీసి, గవర్నమెంటు ఆమోదం ఉన్న వాల్యుయర్ (నగలకి విలువ కట్టేవాళ్ళు) దగ్గర బరువు, విలువ రాయించుకోండి. మెడలో వేసుకొచ్చేవి మొదటి భాగంలో రాయాలి. ఊళ్ళో బ్యాంకు లాకర్లో వదిలేసి వచ్చేవి రెండో భాగంలో రాయాలి. ఈ రెండో మాట చాలామందికి తట్టదు. రెండేళ్ళ తర్వాత సెలవులకెళ్ళి, అమ్మ ఇచ్చిన హారం లాకర్లోంచి తీసి వేసుకొస్తే, అది మొదటి రోజు లిస్టులో లేకపోతే కొత్తగా కొని తెచ్చినట్టే చూడొచ్చు. ఒక్క వస్తువు విలువ 10,000 కెనడా డాలర్లు దాటితే, దాటిన మేరకి పన్ను పడుతుంది. అందుకే మా అత్తగారి వడ్డాణం ఊళ్ళోనే ఉంది. బంగారం ధర పెరిగేకొద్దీ ఈ గీత ఇంకా దగ్గరికొస్తోంది, చూసుకోండి. మన ఎయిర్‌పోర్టులో బయల్దేరేటప్పుడు ఇండియా కస్టమ్స్ దగ్గర నగలకి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగి ఊరికి వెళ్ళినప్పుడు అక్కడ గొడవ ఉండదు.

రాకూడనివి

తులసి మొక్క వద్దు. మట్టిని రానివ్వరు. చెప్పులకి, పారలకి అంటిన మట్టి కూడా కడిగేసి పెట్టండి. ఆవకాయ, పప్పుండలు, పొడులు ఏవి తెచ్చినా తిండి సామాను ఉందని చెప్పేయండి. చెబితే మహా అయితే తీసి పారేస్తారు. దాచితే 1,300 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. కారు తేవాలని ఎవరైనా అనుకుంటే, ఇక్కడి భద్రతా ప్రమాణాలకి తయారుకాని కారుని, అది 15 ఏళ్ళు దాటిందైతే తప్ప, రానివ్వరు.

పిల్లల వాకరు కెనడాలో నిషేధం. మన దగ్గర నెలల పిల్లలున్న ప్రతి ఇంట్లో ఉండే చక్రాల వాకరే. పాతదీ తేకూడదు, ఎవరికీ అమ్మకూడదు. ఇంకొకటి వింటే మీరు నమ్మరు: గురివింద గింజలు. వాటిలో విషం ఉంటుందని, అవి పొదిగిన దండలు, బొమ్మలు రానివ్వరు. మా ఇంట్లో దేవుడి గూట్లో ఒక బొమ్మకి కళ్ళు గురివింద గింజలే. అదృష్టం బాగుండి సర్దేటప్పుడు చూశాను.

మన దేశం నుంచి బయటికి పోనివ్వనివి వేరే ఉన్నాయి. నెమలి ఈకలు ఎగుమతి చేయకూడదు, దేవుడి పటం వెనక గుచ్చిన ఒక్క ఈక అయినా సరే తీసేయండి. వందేళ్ళు దాటిన విగ్రహాలు, 75 ఏళ్ళు దాటిన తాళపత్రాలు, రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. తాతల నాటి కంచు విగ్రహం నిజానికి అరవై ఏళ్ళదే అయినా, చూసేవాళ్ళకి తెలియదు. అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి. మేము అంత ఓపిక లేక మా గోపాలకృష్ణుణ్ణి చెల్లెలి పూజగదిలో దింపి వచ్చాం.

దిగిన రోజు

మేము దిగింది టొరంటో పియర్సన్‌లో. ముందు ఇమిగ్రేషన్, అక్కడ పీఆర్ కాగితాల మీద సంతకాలు. తర్వాత కస్టమ్స్ కౌంటర్. ఇరవై గంటల ప్రయాణం తర్వాత పిల్లలు నేలమీదే పడుకునే స్థితిలో ఉంటారు, బయట ఎవరో కారు తెచ్చి ఎదురు చూస్తుంటారు, ఇమిగ్రేషన్ అయిపోయింది కదా పోదాం అనిపిస్తుంది. పోకండి. మా వారి స్నేహితుడు ఒకాయన సరిగ్గా ఇక్కడే పొరపాటు చేశాడు. ముందు ఒక వారం వచ్చి పీఆర్ పని ముగించుకుని, తిరిగి వెళ్ళి ఉద్యోగం వదిలేసి, ఏడు నెలల తర్వాత సామానుతో వచ్చాడు. మొదటిసారి వచ్చినప్పుడు "ఇప్పుడు సామానేమీ లేదుగా, లిస్టెందుకు" అనుకున్నాడు. వెనకొచ్చిన సామానుకి పన్ను కట్టుకున్నాడు. చేతిలో ఒక్క సంచే ఉన్నా, మొదటిసారి దిగిన రోజే వెనక రాబోయే సామాను లిస్టు ఇచ్చి తీరాలి.

కౌంటర్లో ఉన్న ఆఫీసరమ్మ నా పదకొండు పేజీలు తిప్పి చూసి, నగల పేజీ దగ్గర ఆగింది. మెడలో ఉన్నవి, లిస్టులో ఉన్నవి సరిచూసింది. డబ్బు 10,000 డాలర్లు గానీ అంతకు మించి గానీ తెస్తున్నారా అని అడిగింది. అంత తెస్తే తప్పు కాదు, పన్నూ ఉండదు, చెప్పడం మాత్రం తప్పనిసరి. ఫారం మీద సంతకం పెట్టించుకుని, స్టాంపు వేసి, ఒక కాపీ నా చేతికిచ్చింది. "సామాను వచ్చినప్పుడు ఇది చూపించాలి, పోగొట్టుకోకండి" అంది. పావుగంట పట్టింది. ఫీజు లేదు. ఆ కాగితాన్ని పాస్‌పోర్టులతో సమానంగా దాచాలి. ఆ రాత్రే ఫొటో తీసి నాకు నేనే మెయిల్ చేసుకున్నాను.

పెట్టెలు వచ్చిన రోజు

మా పెట్టెలు విశాఖపట్నం నుంచి ఓడలో బయల్దేరాయి, ఇంకొందరి సామానుతో కలిపి ఒక కంటైనర్లో. వీణకి చెక్క పెట్టె చేయించాం. కెనడాకి వచ్చే చెక్క ప్యాకింగ్ మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, పురుగు లేకుండా శుద్ధి చేసిన చెక్క అని దానర్థం. ఊళ్ళో వడ్రంగి దగ్గర మామూలు చెక్కతో చేయించారంటే ఇక్కడ ఆగిపోతుంది.

డెబ్బై రోజుల పైన పట్టింది. ఫిబ్రవరిలో అరైవల్ నోటీసు, అంటే సామాను చేరిందన్న కబురు, మెయిల్లో వచ్చింది. అందులో కార్గో కంట్రోల్ నంబరు, సామాను ఏ గోదాములో ఉందీ, వాళ్ళకి కట్టాల్సింది ఎంతా ఉంటాయి. పన్ను లేదన్నది ప్రభుత్వం సంగతి. కంటైనర్ విప్పినందుకు, దింపినందుకు, కాగితాలు రాసినందుకు గోదాము వాళ్ళు విడిగా వసూలు చేస్తారు. మాకు 400 డాలర్ల పైమాటే అయింది. ఇచ్చిన గడువు దాటితే రోజుకింత అని అద్దె కూడా మొదలవుతుంది. ఇండియాలో మాట్లాడుకునేటప్పుడే "ఇంటి గుమ్మం దాకానా, రేవు దాకానా" అని రాతపూర్వకంగా అడగండి. మేము నోటిమాట నమ్మాం.

కస్టమ్స్ ఆఫీసుకి పాస్‌పోర్టు, పీఆర్ కాగితం, స్టాంపు వేసిన బీఎస్ఎఫ్ 186, అరైవల్ నోటీసు, ప్యాకర్లు ఇచ్చిన ప్యాకింగ్ లిస్టు తీసుకుని నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎంతసేపు పడుతుందిలే అనుకున్నా. ఆఫీసరు రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు. 17వ నంబరు పెట్టె దగ్గర వేలు ఆగింది. నా లిస్టులో "స్టీలు పాత్రలు, వాడినవి, 2006-2014". ప్యాకర్ల లిస్టులో "న్యూ స్టీల్ వెసెల్స్". ప్యాకింగ్‌కి వచ్చిన కుర్రాడు మా చెల్లెలు చింతపండు పెట్టి తోమిన గిన్నెలు చూసి కొత్తవనుకున్నాడు కాబోలు! ఇరవై రెండు గిన్నెలు, పదిహేను డబ్బాలు కొత్తవంటే అమ్మకానికి తెచ్చానని కూడా అనుకోవచ్చు. చలిలో కూడా నాకు చెమటలు పట్టాయి.

పెట్టె తెరవాలన్నారు. మర్నాడు గోదాములో తెరిచారు. ఆఫీసరు ఒక డబ్బా తీసి వెలుగులో తిప్పి చూశాడు. తళతళా మెరుస్తోంది. నిజంగానే కొత్తదానిలా ఉంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. డబ్బా ఆయన చేతిలోంచి తీసుకుని, అంచు కింద వేలు పెట్టి చూపించాను. మన స్టీలు కొట్టువాళ్ళు చిన్న మిషనుతో చుక్కలు చుక్కలుగా చెక్కుతారు చూడండి, పేరు, సందర్భం, తేదీ. "అమ్మమ్మగారి దీవెనలతో, గృహప్రవేశం, 14-2-2009." అక్షరాలు తెలుగు, అంకెలు మాత్రం ఆయనకీ అర్థమవుతాయి. ఇంకోటి తీశాను, "పెళ్ళి కానుక, 2006". మరోటి, మా పెద్దాడి అన్నప్రాశన నాటిది. నాలుగోది తీసేసరికి ఆయనే కూర్చుని అంచులు తిప్పి తేదీలు వెతుకుతున్నాడు. ప్రతి గిన్నె మీదా ఎందుకు రాస్తారని అడిగాడు. పెళ్ళిళ్ళలో గిన్నెలు తారుమారవకుండా అన్నాను. నవ్వి, పెట్టె మూయమన్నాడు. నా లిస్టులో రాసిన ఏడాదులూ గిన్నెల మీది ఏడాదులూ సరిపోయాయి. స్టాంపు పడ్డ కాగితం చూస్తేగానీ నా గుండె కుదుటపడలేదు.

అందుకని ప్యాకర్లు వెళ్ళేముందు వాళ్ళ లిస్టు మీరు చదవండి. "న్యూ" అన్న మాట ఎక్కడున్నా అక్కడికక్కడే కొట్టించి, మళ్ళీ ప్రింటు తీయించండి.

ఒక షరతు మిగిలింది. పన్ను లేకుండా తెచ్చుకున్న వస్తువుని తెచ్చిన ఏడాదిలోపు అమ్మినా, ఎవరికైనా ఇచ్చేసినా, పన్ను అప్పుడు కట్టాలి. మా కుట్టుమిషను కాలితో తొక్కేది, దానికి ఓల్టుల గొడవ లేదు. కింది ఫ్లాట్‌లో ఉండే పంజాబీ ఆవిడ అది చూసి, మాకిచ్చేయండి అని మార్చి నుంచీ అడుగుతోంది. ఏడాది ఆగండి అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. 2024 ఫిబ్రవరి చివర్లో అరవై డాలర్లిచ్చి పట్టుకెళ్ళింది. నా కాపీలో తొమ్మిదో పేజీ, మూడో వరస, "కుట్టుమిషను" పక్కన తేదీ వేసి, "అమ్మకం, 60" అని రాసుకున్నాను.